చేయి తిరిగేదాకా - బెన్ హోగన్ కథ

మన ఊళ్ళల్లో క్రికెట్ ఆడుతూ పెరిగినవాళ్ళం ఇక్కడికొచ్చి గోల్ఫ్ క్లబ్ పట్టుకుంటే ఏమవుతుంది? బ్యాటు ఊపిన అలవాటు ఎక్కడికి పోతుంది, బంతి కుడివైపు చెట్లలోకి పోతుంది. నా సంగతీ అంతే. ఎం.ఎస్. అయ్యి ఉద్యోగంలో చేరాక ఆఫీసు వాళ్ళతో ఆడక తప్పలేదు. ఒక కోచ్ దగ్గర పాఠాలు తీసుకున్నాను. చంకలో టవల్ పెట్టుకుని సగం స్వింగు, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి స్వింగు, ఇలా ఆయన చెప్పిన డ్రిల్సన్నీ డ్రైవింగ్ రేంజిలో బుద్ధిగా చేసేవాణ్ణి. అక్కడ బంతి బాగానే వెళ్ళేది. శనివారం కోర్సు మీద, నలుగురూ చూస్తుండగా మొదటి బంతి ముందు నిలబడితే మాత్రం మోచెయ్యి, మణికట్టు, తుంటి, తల అన్నీ ఒక్కసారే గుర్తుకొచ్చేవి. బంతి మళ్ళీ చెట్లలోకే.

రేంజిలో వచ్చినది కోర్సు మీద ఎందుకు రాదు అని చదవడం మొదలుపెడితే, ఏ దారిన వెళ్ళినా చివరికి బెన్ హోగన్ దగ్గరే తేలాను. గోల్ఫ్ ఆడని పాఠకులు కూడా కాస్త ఓపిక పట్టండి. ఇందులో ఆట కన్నా సాధన కథే ఎక్కువ.

హోగన్ 1912 ఆగస్టు 13న టెక్సాస్‌లోని స్టీఫెన్‌విల్‌లో పుట్టాడు. తండ్రి చెస్టర్ కమ్మరి. 1922లో, బెన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, ఆయన ఫోర్ట్ వర్త్‌లోని ఇంట్లో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. తల్లి క్లారా బట్టలు కుట్టి సంసారం లాక్కొచ్చింది. బెన్ రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు. పదకొండేళ్ళకి గ్లెన్ గార్డెన్ అనే క్లబ్బులో క్యాడీగా, అంటే ఆడేవాళ్ళ సంచులు మోసే కుర్రాడిగా చేరాడు. అదే క్లబ్బులో అదే వయసు క్యాడీ ఇంకొకడున్నాడు, బైరన్ నెల్సన్. 1927లో క్యాడీలకి పెట్టిన క్రిస్మస్ పోటీలో ఇద్దరూ సమానంగా నిలిచారు, ప్లేఆఫ్‌లో నెల్సన్ గెలిచాడు. తర్వాత చాలా ఏళ్ళు ఇదే వరస. నెల్సన్‌కి ఆట సహజంగా అబ్బినట్టు కనిపించేది. హోగన్‌కి అలా కాదు.

హైస్కూలు పూర్తి చేయకుండానే 1930లో, పదిహేడేళ్ళ వయసులో ప్రొఫెషనల్ అయ్యాడు. టూర్ మీదకి వెళ్ళడం, డబ్బులైపోయి ఇంటికి రావడం, ఏదో పని చేసి నాలుగు డాలర్లు కూడబెట్టుకుని మళ్ళీ వెళ్ళడం, కొన్నేళ్ళు ఇదే బతుకు. 1935లో వేలరీ ఫాక్స్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1938 జనవరిలో ఓక్లండ్ పోటీకి వెళ్ళేసరికి దగ్గరున్న డబ్బు దాదాపు అయిపోయింది. అక్కడ ఒక పొద్దున్న బయటికొచ్చి చూస్తే కారు వెనక చక్రాలు రెండూ ఎవరో ఎత్తుకుపోయారు! అయినా వెళ్ళి ఆడాడు, కొంత డబ్బు గెలిచాడు. లేకపోతే ఆ వారమే ఆట వదిలేయాల్సి వచ్చేదేమో. ఆ ఏడాదే ఒక జంటల పోటీలో భాగస్వామిగా గెలిచాడు కానీ, ఒంటరిగా గెలుపు మాత్రం ఇంకా దూరంగానే ఉంది.

కష్టపడటంలో లోపం లేదు. ఆ రోజుల్లో చాలామంది ప్రొఫెషనల్స్ రౌండుకి ముందు పదో పరకో బంతులు కొట్టి ఊరుకునేవాళ్ళు. హోగన్ గంటలకొద్దీ కొట్టేవాడు. మరి ఎందుకు గెలవలేదు? అతని బంతికి హుక్ జబ్బు ఉండేది. అంటే బంతి గాలిలో ఎడమవైపుకి గట్టిగా వంగిపోతుంది, కింద పడ్డాక కూడా ఆగకుండా పరిగెడుతుంది. చేతుల పట్టు క్లబ్బు ముఖాన్ని బంతి దగ్గరకొచ్చేసరికి మరీ మూసేయడం వల్ల వచ్చే జబ్బు అది. నాకు ఇక్కడ ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. వేల బంతులు కొట్టి హోగన్ చేయి తిరిగింది నిజమే, కానీ తప్పుగా తిరిగింది. ఆలోచించకుండా వచ్చే స్వింగు అప్పటికే అతనికుంది. చిక్కల్లా అదే. కోడు రాసేవాళ్ళకి ఈ బాధ తెలుసు. తప్పు ప్రోగ్రామ్‌ని వెయ్యిసార్లు నడిపినా తప్పే గట్టిపడుతుంది.

హెన్రీ పికార్డ్ అనే పేరున్న ఆటగాడు అతని పట్టు చూసి, ఎడమచేతి పట్టుని కాస్త బలహీనం చేసుకునే దారి చూపించాడు. పాత పట్టు విప్పుకుని కొత్తది అలవాటు చేసుకోవడమంటే ముందు ఆట పాడవడానికి ఒప్పుకోవడమే. హోగన్ ఒప్పుకున్నాడు. 1940లో పైన్‌హర్స్ట్‌లో జరిగిన నార్త్ అండ్ సౌత్ ఓపెన్‌లో మొదటిసారి ఒంటరిగా గెలిచాడు. ప్రొఫెషనల్ అయిన పదేళ్ళకి! ఆ వెంటనే మరో రెండు పోటీలు వరసగా గెలిచాడు. 1940, 41, 42లలో టూర్ మీద అందరికన్నా ఎక్కువ సంపాదించినవాడు అతనే. 1948లో తన మొదటి పుస్తకం పవర్ గోల్ఫ్‌ని పికార్డ్‌కే అంకితమిచ్చాడు.

మరి అతని సాధన ఎలా ఉండేది? దూరాన ఒక క్యాడీని సంచితో నిలబెట్టి, సరిగ్గా అతని దగ్గరే పడేలా బంతి తర్వాత బంతి కొట్టేవాడు. కుర్రాడు ఎంత తక్కువ కదిలితే అంత మంచి రోజన్నమాట. ప్రతి బంతికీ ఒక గురి, ఒక ఉద్దేశం. స్వింగుని చాలా నెమ్మదిగా, స్లో మోషన్‌లో కూడా చేసేవాడు. దాని ఫిల్ములు ఉన్నాయి, చూడండి. నాకు మా అక్క సంగీతం నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. సరళీ స్వరాలు మొదటి కాలంలో నిలకడగా రాకపోతే టీచరు రెండో కాలానికి వెళ్ళనిచ్చేవారు కాదు. నేను రేంజిలో బుట్ట బంతులు ఇరవై నిమిషాల్లో అయిపోగొట్టేవాణ్ణి. అంటే నేరుగా మూడో కాలం!

ఎంత సాధించినా హుక్ పూర్తిగా పోలేదు. సైన్యంలో పనిచేసి వచ్చాక మళ్ళీ తలెత్తింది. 1946లో ఇంకో మార్పు చేసుకున్నాడు, ఆ ఏడాదే పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచాడు. అది అతని మొదటి మేజర్. 1948లో మళ్ళీ పీజీఏ, యు.ఎస్. ఓపెన్ రెండూ గెలిచాడు.

1949 ఫిబ్రవరి 2. ఫీనిక్స్‌లో ఆడి భార్యతో కారులో ఇంటికి వస్తున్నాడు. టెక్సాస్‌లోని వాన్ హార్న్ దగ్గర దట్టమైన మంచు. ట్రక్కుని దాటబోయిన గ్రేహౌండ్ బస్సు ఎదురుగా వచ్చి గుద్దింది. ఆ క్షణంలో హోగన్ వేలరీని కాపాడాలని ఆమె మీదకి అడ్డంగా పడ్డాడు. స్టీరింగ్ కడ్డీ అతను కూర్చున్న సీటులోంచి దూసుకుపోయింది. భార్యని కాపాడబోయి తనూ బతికాడన్నమాట. కటి ఎముక రెండుచోట్ల విరిగింది, కాలర్ బోను, ఎడమ చీలమండ విరిగాయి. తర్వాత కాళ్ళలో రక్తం గడ్డకట్టడంతో, గడ్డలు పైకి పోకుండా పెద్ద సిరనే కట్టేసి ప్రాణం నిలబెట్టారు. ఆస్పత్రిలో 59 రోజులున్నాడు. మళ్ళీ నడవడమే అనుమానం అన్నారు.

ఇంటికొచ్చాక హాల్లో చుట్లు కొట్టడంతో మొదలుపెట్టాడు. కాళ్ళు మునుపటివి కావు కాబట్టి స్వింగు కూడా మునుపటిది కాదు, దాన్నీ కొత్త ఒంటికి మళ్ళీ నేర్పాలి. 1950 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఓపెన్‌లో దిగి శామ్ స్నీడ్‌తో సమంగా నిలిచాడు, ప్లేఆఫ్‌లో ఓడాడు. జూన్‌లో ఫిలడెల్ఫియా దగ్గర మెరియన్‌లో యు.ఎస్. ఓపెన్. పొద్దున్నే వేడినీళ్ళ స్నానం, రెండు కాళ్ళకీ బ్యాండేజీల చుట్లు. చివరి రోజు ఒక్కరోజే 36 హోల్స్ నడవాలి. ఆఖరి రౌండులో కాళ్ళు పట్టేసి నిలబడటమే కష్టమైంది, చేతిలో ఉన్న ఆధిక్యం కరిగిపోయింది. చివరి హోలు దగ్గరకొచ్చేసరికి పార్ చేస్తే తప్ప ప్లేఆఫ్ లేదు. గ్రీన్ రెండువందల గజాల పైనే ఉంది. బ్యాగులో అన్నింటికన్నా కొట్టడానికి కష్టమైన వన్ ఐరన్ తీశాడు. ఆ స్వింగు ముగింపుని వెనకనుంచి హై పెస్కిన్ తీసిన ఫోటో మీరు ఏదో ఒక క్లబ్బు గోడమీద చూసే ఉంటారు. బంతి గ్రీన్ మీదకి చేరింది. మర్నాడు ప్లేఆఫ్‌లో 69 కొట్టి గెలిచాడు. మాంగ్రమ్ 73, ఫాజియో 75.

ఆ ఫోటోని ఎన్నిసార్లు చూశానో! అంత అలసటలో మోచెయ్యి గురించీ మణికట్టు గురించీ ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది? అంతకు ముందు నేర్పినదే ఒళ్ళు బయటపెట్టింది.

1953 అతని శిఖరం. మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్, ఆడిన మూడు మేజర్లూ గెలిచాడు. అప్పట్లో అక్కడ వాడిన బంతి కొంచెం చిన్నది కాబట్టి ముందుగానే వెళ్ళి దానితో సాధన చేశాడు. స్కోర్లు చూడండి: 73, 71, 70, 68. న్యూయార్క్‌లో కాగితాల జల్లుతో ఊరేగించారు. 1957లో హర్బర్ట్ వారెన్ విండ్‌తో కలిసి రాసిన ఫైవ్ లెసన్స్ పుస్తకంలో తన డ్రిల్సు వివరించాడు. మొదటి పాఠమంతా పట్టుకోవడం గురించే. బంతి జోలికి పోయే ముందు పట్టునే రోజూ సాధన చేయమంటాడు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, చిన్నగా అటూ ఇటూ ఊపే డ్రిల్లు కూడా అందులోదే.

ఇంతటివాడికీ ఒకటి లొంగలేదు. పటింగ్, అంటే గ్రీన్ మీద బంతిని నెమ్మదిగా గుంటలోకి తోసే పని. 1946లోనే మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్ రెండింట్లోనూ ఆఖరి గ్రీన్ మీద మూడు పట్లు పడి దెబ్బతిన్నాడు. వయసు పెరిగే కొద్దీ బంతి ముందు బిగుసుకుపోయి నిలబడేవాడు, చేయి వెనక్కి వచ్చేది కాదు. మెరియన్‌లో కాళ్ళు లేవలేకపోయినా వచ్చిన చేయి, నాలుగడుగుల దూరానికి రావడం లేదు! అయినా 1967 మాస్టర్స్ మూడో రౌండులో, 54 ఏళ్ళ వయసులో, చివరి తొమ్మిది హోల్స్ 30లో ముగించి 66 కొట్టాడు.

మొత్తం తొమ్మిది మేజర్లు, టూర్ మీద 64 గెలుపులు. పోటీలు మానేశాక కూడా ఫోర్ట్ వర్త్‌లోని షేడీ ఓక్స్ క్లబ్బుకి వెళ్ళి, ఎవరూ లేని ఒక మూల ఒంటరిగా బంతులు కొట్టుకునేవాడు. అక్కడ గ్రీనూ లేదు, పటింగ్ అవసరమూ లేదు. 1997 జూలై 25న అదే ఊళ్ళో, 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు. వేలరీ మరో రెండేళ్ళు బతికింది.