మార్లవాయి గురువు హైమన్‌డార్ఫ్

గ్రంథములు చదివి విద్వాంసుడగుట యొకటి. చదివినదానిని జనుల నడుమ నివసించి సరిచూచుకొనుట వేరొకటి. ఈ రెండవ మార్గమున నడచిన మహనీయుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఈయన 1909లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున జన్మించెను. అచటి విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, అస్సాము కొండజాతులను గూర్చి సిద్ధాంతగ్రంథము వ్రాసి డాక్టరు పట్టమందెను. అప్పటికి ఆ కొండల నాయన చూచి యెఱుగడు. 1936లో నాగా కొండలకేగి, కొన్యక్ నాగుల నడుమ వసించి, ఆ కొఱత తీర్చుకొనెను.

1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. భారతదేశమునకు వచ్చియున్న హైమన్‌డార్ఫు శత్రుదేశీయుడుగా నెంచబడి, హైదరాబాదు సంస్థానము దాటరాదను నిర్బంధమునకు లోనయ్యెను. ఆ నిర్బంధమే యాయనకు విద్యాలయమైనది. భార్య బెట్టీతో గూడి నల్లమల చెంచులను, గోదావరి తీరపు కొండరెడ్లను దర్శించి గ్రంథములు రచించెను.

అడవి భూములకై పోరాడిన కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొఱిగెను. పిమ్మట గోండుల కష్టములకు మూలమేమో పరిశీలింప నిజాము ప్రభుత్వ మాయనను నియోగించెను. ఆ దంపతులు పూర్వ ఆదిలాబాదు జిల్లాలోని మార్లవాయిలో కాపురముండి, గోండీ భాష నేర్చి, గోండుల వంశక్రమములను, పండుగలను, సేద్యమును, భూమి తగాదాలను కన్నులార చూచి వ్రాసికొనిరి.

నేర్చిన విద్య నేర్పినవారికే తిరిగి యందవలెను గదా! 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మారంభమయ్యెను. కొద్దిపాటి యక్షరజ్ఞానము గల గోండు యువకులే మొదటి శిష్యులు. వారికై దేవనాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధమయ్యెను. ఆయన కృషివలన వేలకొలది గిరిజన కుటుంబములకు భూమి పట్టాలును లభించెను.

అనంతర మాయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించి, 1949లో లండను విశ్వవిద్యాలయమున చేరి, 1951లో ఆచార్యుడయ్యెను. ఉద్యోగ విరమణానంతరము మరల వచ్చి చూడగా, నాటి పట్టా భూములలో ననేకము పరహస్తగతములై యుండెను. ఆ వేదనను 1982లో గ్రంథరూపమున లోకమునకు తెలియజేసెను. తన శ్రమ ఫలించినదని చెప్పికొనుటకంటె, చెడినదానిని దాచక చెప్పుటయే శాస్త్రధర్మమని ఆయన నడత చాటుచున్నది.

బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో కీర్తిశేషుడయ్యెను. ఆయన అస్థికలును ఆమె చెంతనే నిక్షిప్తములైనవి. గోండులు నేటికి నా దంపతులను భక్తితో స్మరింతురు.

గ్రంథాలయము విద్యకు వాకిలి. ఆ వాకిలి దాటి, చదివినదానిని ఊరిలో, చేనిలో, తోడివారి బ్రతుకులలో సరిచూచుకొన్నవానికే విద్య పరిపూర్ణమగును.