జార్జ్ బ్రెడిగ్

జార్జ్ బ్రెడిగ్ (అక్టోబరు 1, 1868 - ఏప్రిల్ 24, 1944) జర్మనీకి చెందిన భౌతిక రసాయన శాస్త్రవేత్త. లోహాల అతి సూక్ష్మ కణాలను నీటిలో తయారుచేసే విద్యుత్ పద్ధతిని ఇతడు రూపొందించాడు. ఆ కణాలు జీవులలోని ఎంజైములను పోలిన ఉత్ప్రేరకాలని నిరూపించి ప్రసిద్ధి చెందాడు.

బాల్యము, విద్యాభ్యాసము

బ్రెడిగ్ దిగువ సైలీషియాలోని గ్లోగౌ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండులో ఉంది. లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఓస్వాల్డ్ వద్ద పరిశోధన చేసి 1894లో డాక్టరేటు పొందాడు. తరువాత వాంట్ హాఫ్, బెర్తెలో, అరేనియస్‌ల ప్రయోగశాలలలో పనిచేసి, 1895లో ఓస్వాల్డ్ సహాయకునిగా తిరిగివచ్చాడు.

లోహపు కిణ్వాలు

1898లో బ్రెడిగ్ చల్లని నీటిలో రెండు లోహపు తీగల కొనలను దగ్గరగా ఉంచి, వాటి మధ్య విద్యుత్ చాపాన్ని సృష్టించాడు. తీగల లోహం సూక్ష్మ కణాలుగా విడిపోయి నీటిలో వ్యాపించింది. ప్లాటినంతో ముదురు గోధుమ రంగు ద్రవం లభించింది. నేటి పరిభాషలో ఇవి లోహ నానోకణాలు.

ఈ ద్రవం హైడ్రోజన్ పెరాక్సైడును నీరు, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. రక్తంలోని కేటలేజ్ అనే ఎంజైము కూడా ఇదే పని చేస్తుంది. ప్లాటినానికీ, కిణ్వాలకూ గల ఈ పోలికను అంతకుముందే షోన్‌బైన్ గమనించాడు. బ్రెడిగ్ దానిని కొలతలతో పరీక్షించాడు. సుమారు 195 గ్రాముల ప్లాటినాన్ని 7 కోట్ల లీటర్ల నీటిలో కలిపినంత పలుచని ద్రవం కూడా చర్యను వేగవంతం చేసింది. హైడ్రోసయానిక్ ఆమ్లం, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషాలు స్వల్ప మోతాదులోనే ఎంజైముల వలె ప్లాటినాన్నీ అచేతనం చేశాయి. 1901లో ప్రచురించిన గ్రంథంలో ఇతడు ఈ కణాలను అకర్బన కిణ్వాలని పేర్కొన్నాడు.

ఎంజైముల శక్తి జీవానికి మాత్రమే పరిమితమా అన్నది అప్పటి చర్చనీయాంశం. ప్రాణం లేని లోహం కూడా అదే తీరున ప్రవర్తించడంతో, ఎంజైముల చర్యను రసాయన శాస్త్ర నియమాలతోనే అధ్యయనం చేయవచ్చునన్న వాదానికి బలం చేకూరింది. అయితే ఈ పోలికకు పరిమితి ఉంది. ఎంజైము నిర్ణీత పదార్థాలపైనే పనిచేస్తుంది; ప్లాటినానికి అంతటి ఎంపిక శక్తి లేదు. ఆ ఎంపిక శక్తిని బ్రెడిగ్ కర్బన పదార్థాలలో అన్వేషించాడు. 1912లో క్వినైన్ వంటి ఆల్కలాయిడ్ల సమక్షంలో, ఒక అణువు యొక్క కుడి, ఎడమ రూపాలలో ఒకటి అధికంగా ఏర్పడునట్లు చేయగలిగాడు.

ఉద్యోగము, ప్రవాసము

1901లో హైడల్‌బర్గ్‌లో, 1910లో జ్యూరిచ్‌లో ఆచార్యుడై, 1911లో ఫ్రిట్జ్ హేబర్ స్థానంలో కార్ల్‌స్రూహె సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరాడు. 1933లో నాజీ ప్రభుత్వం యూదుడన్న కారణంతో ఇతనిని పదవి నుండి తొలగించింది. 1939లో డచ్చి రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ కోహెన్ సహాయంతో ఆమ్‌స్టర్‌డామ్ చేరి, 1940లో అమెరికా వెళ్ళాడు. సహాయం చేసిన కోహెన్ 1944లో ఆష్విట్జ్‌లో హత్యకు గురయ్యాడు. అదే సంవత్సరం బ్రెడిగ్ న్యూయార్క్‌లో మరణించాడు.

ప్రభావము

ఎంజైములు ప్రోటీన్లని 1926లో జేమ్స్ సమ్నర్ ప్రయోగాలు సూచించాయి. దీనితో లోహకణాలు ఎంజైములకు నమూనా మాత్రమేనని స్పష్టమైంది. అయినా ఆ నమూనా మరుగున పడలేదు. ఇనుప ఆక్సైడు నానోకణాలు పెరాక్సిడేజ్ ఎంజైము వలె పనిచేస్తాయని 2007లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎంజైములను పోలిన ఇటువంటి కణాలను నానోజైములు అంటారు.