జగదీశ్ చంద్ర బోస్

సర్ జగదీశ్ చంద్ర బోస్ (నవంబరు 30, 1858 – నవంబరు 23, 1937) ప్రముఖ భారతీయ భౌతిక, వృక్ష శాస్త్రవేత్త. సూక్ష్మతరంగాలు (మైక్రోవేవ్‌లు) వివిధ పదార్థాల గుండా ప్రసరించే తీరును తొలినాళ్ళలోనే ప్రయోగపూర్వకంగా పరిశీలించినవారిలో ఆయన ముఖ్యుడు.

బాల్యం, విద్య

బోస్ నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో జన్మించాడు. తండ్రి భగవాన్ చంద్ర బోస్. కలకత్తా సెయింట్ జేవియర్ కళాశాలలోను, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోను చదివాడు. కేంబ్రిడ్జిలో లార్డ్ రేలీ ఆయనకు గురువు.

ఉద్యోగం

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడుగా చేరాడు. యూరోపియన్ అధ్యాపకులకంటే భారతీయులకు తక్కువ వేతనం ఇవ్వడాన్ని నిరసిస్తూ మూడేళ్ళపాటు జీతం తీసుకోకుండానే పాఠాలు చెప్పాడు. చివరకు ప్రభుత్వం పూర్తి వేతనాన్ని బకాయిలతో సహా చెల్లించింది.

సూక్ష్మతరంగాల పరిశోధన

కళాశాలలో తగిన ప్రయోగశాల లేకపోవడంతో పరికరాలను స్థానిక పనివాని సహాయంతో తయారుచేయించుకున్నాడు. 5 మి.మీ. వరకు తక్కువ తరంగదైర్ఘ్యం గల విద్యుదయస్కాంత తరంగాలను ఉత్పత్తి చేశాడు. 1895లో 60 గిగాహెర్ట్జ్ తరంగాలను రెండు గోడల గుండా 23 మీటర్ల దూరం పంపి, గంట మోగించి, తుపాకిమందును పేల్చాడు.

తరువాత ఆయన దృష్టి పదార్థాల అంతర్నిర్మాణంపై నిలిచింది. పుస్తకపు పుటల మధ్య తగరపు రేకులుంచితే, విద్యుత్ కంపనాలు రేకులకు సమాంతరంగా ఉన్న తరంగాలు ఆగిపోతాయి. లంబంగా ఉన్నవి దాటిపోతాయి. రేకులు లేని పుస్తకం కూడా కొంతవరకు ఇలాగే పనిచేస్తుందని చూపాడు. 1898లో పురిపెట్టిన జనపనార కట్టలను తరంగమార్గంలో ఉంచి, పురి దిశనుబట్టి ధ్రువణతలం కుడికి గాని, ఎడమకు గాని తిరుగుతుందని నిరూపించాడు. చక్కెర ద్రావణం కాంతిని తిప్పే తీరుకు ఇది ఒక నమూనా. కృత్రిమ నిర్మాణంతో తరంగాలను నియంత్రించే పదార్థాలకు ఈ ప్రయోగాన్ని పూర్వరూపంగా పరిగణిస్తున్నారు.

కార్బన్ నానోగొట్టాలను, గ్రాఫీన్‌ను పాలిమర్లలో కలిపి సూక్ష్మతరంగాలను పీల్చుకొనే మిశ్రమాలను తయారుచేయడం బోస్ మరణానంతరం ఎంతోకాలానికి వచ్చిన విద్య. ఈ మిశ్రమాలలో తరంగశక్తి ఉష్ణంగా మారుతుంది. అయితే పదార్థంలోని వాహక భాగాల అమరికే తరంగగతిని ప్రభావితం చేస్తుందన్న సూత్రం ఆయన రేకుల ప్రయోగంలోనూ కనిపిస్తుంది.

పేటెంటు

పరిశోధన ఫలితాలు అందరికీ చెందాలన్నది బోస్ అభిప్రాయం. మిత్రుల ప్రోద్బలంతో గెలీనా స్ఫటిక శోధకానికి 1901లో అమెరికాలో దరఖాస్తు చేయగా, 1904లో పేటెంటు లభించింది. తొలి అర్ధవాహక పరికరాలలో ఇది ఒకటి.

చివరి దశ

అనంతరం మొక్కల ప్రతిస్పందనలపై పరిశోధించి, వాటి పెరుగుదలను కొలిచే క్రెస్కోగ్రాఫ్‌ను నిర్మించాడు. 1917లో కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించాడు. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1937లో గిరిడీలో మరణించాడు.