ఏడున్నర షిల్లింగుల కర్ర: స్నూకర్ విజేత జో డేవిస్ జీవితం

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని మన సామెత. ఓడినప్పుడు పరికరాన్ని నిందించడం ఏ దేశంలోనైనా, ఏ ఆటలోనైనా కనిపించేదే. చౌకగా కొన్న ఒకే కర్రతో ప్రపంచ స్నూకర్ పోటీలో 15 సార్లు విజేతగా నిలిచిన ఇంగ్లండు క్రీడాకారుడు జో డేవిస్ జీవితం ఇందుకు భిన్నమైనది.

స్నూకర్ పుట్టినిల్లు మన దేశమే. 1875లో జబల్‌పూరులోని బ్రిటిష్ సైనికాధికారులు బిలియర్డ్స్ బల్లపై రంగుబంతులను చేర్చి ఈ ఆటను మొదలుపెట్టారు. అనంతరం నీలగిరులలోని ఊటీ క్లబ్బులో దీని నియమాలు రూపుదిద్దుకున్నాయి. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల బల్లపై పచ్చని బట్ట పరచి ఉంటుంది. క్యూ అనే పొడవాటి కర్రతో తెల్లబంతిని కొట్టి, దాని తాకిడితో రంగుబంతులను బల్ల అంచులలోని సంచులలోకి పంపాలి. క్యూ కొసన చిన్న తోలుబిళ్ళ ఉంటుంది. ఆ కొస వెంట్రుకవాసి పక్కకు జరిగినా బంతి దారి తప్పుతుంది. అందువల్లనే తమ చేతికి సరిపడే కర్ర కోసం వెదకులాట ఎందరో ఆటగాళ్ళను ఏళ్ళ తరబడి విడిచిపెట్టదు. బరువు, పొడవు, కొస మందం అంటూ ఒకదాని తరువాత ఒకటి మార్చేవారికి కొదవ లేదు.

జో డేవిస్ 1901 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో విట్‌వెల్ గ్రామంలో జన్మించారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆ పని మానిన తరువాత చెస్టర్‌ఫీల్డ్ పట్టణం చెంత ఒక పానశాల నడిపారు. అందులో ఒక బిలియర్డ్స్ బల్ల ఉండేది. బాలుడైన జోకు అదే తొలి బడి అయింది. ఎర్నెస్ట్ రడ్జ్ అనే స్థానిక ఆటగాడు ఆయనకు మెలకువలు నేర్పారు. 13 ఏళ్ళకే జో చెస్టర్‌ఫీల్డ్ జిల్లా బిలియర్డ్స్ పోటీలో విజేత అయ్యారు. 1919లో, 18వ ఏట, ఆటనే వృత్తిగా స్వీకరించారు.

ఆయనకు ఒక లోపం ఉండేది. కుడికంటి చూపు బాగా మందగించింది. క్యూను గడ్డం మధ్య భాగానికి సరిగా కింద ఉంచి రెండు కళ్ళతో గురి చూడడం సాధారణ పద్ధతి. డేవిస్‌కు అది సాధ్యపడలేదు. క్యూను ఎడమకంటి కిందకు జరిపి, ఒంటికంటి చూపుతోనే గురి కుదుర్చుకున్నారు. ఈ లోపాన్ని సరిదిద్దే కర్ర ఏ దుకాణంలోనూ దొరకదు. తలను, చేతిని, క్యూను ప్రతిసారీ అదే చోట నిలపడం ఒంటికి అలవాటు కావలసిందే. ఆ అలవాటు సాధనతో తప్ప రాదు.

1923లో ఆయన ఒక క్యూ కొన్నారు. దాని ధర 7 షిల్లింగుల 6 పెన్నీలు. నాటి లెక్కలో పౌనుకు 20 షిల్లింగులు. అంటే అర పౌను కూడా కాదు. ప్రపంచ విజేత కావడానికి ముందు కొన్న ఆ కర్రనే తన ప్రపంచ స్నూకర్ విజయాలన్నిటిలోనూ వాడారు.

ఆ మార్గం సులభంగా సాగలేదు. ప్రపంచ బిలియర్డ్స్ పోటీ అంతిమ ఆటలో 1926లోనూ 1927లోనూ టామ్ న్యూమన్ చేతిలో ఓడిపోయారు. వరుసగా రెండు ఓటములు ఎదురైతే చేతిలోని పరికరంపై అనుమానం కలగడం సహజం. డేవిస్ మాత్రం కర్ర మార్చలేదు. 1928లో అదే న్యూమన్‌ను ఓడించి బిలియర్డ్స్‌లో ప్రపంచ విజేత అయ్యారు. ఆ బిరుదును మొత్తం 4 సార్లు గెలుచుకున్నారు.

ఆ రోజులలో స్నూకర్‌కు అంతగా ఆదరణ లేదు. దానికీ ప్రపంచ పోటీ ఉండాలని డేవిస్ ముందుకు వచ్చి, బిల్ క్యామ్‌కిన్‌తో కలిసి కృషి చేశారు. 1927 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన తొలి అంతిమ పోటీలో టామ్ డెన్నిస్‌ను 20-11 తేడాతో ఓడించారు. ఆయనకు దక్కిన సొమ్ము 6 పౌన్ల 10 షిల్లింగులు. తన క్యూ వంటివి 17 కొనడానికి ఆ సొమ్ము చాలు. ఆయనకు ఆ ఒక్కటే సరిపోయింది. 1940 వరకు ఏటా ఆయనే విజేత. యుద్ధం వల్ల ఆగిన పోటీ 1946లో తిరిగి జరిగినప్పుడు కూడా గెలిచి, ఓటమి ఎరుగకుండానే ఆ పోటీ నుండి విరమించారు. సమాన హోదాలో ఆయనను ఓడించగలిగినది సొంత తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ ఒక్కరే.

విరమణ తరువాత కూడా ప్రదర్శన ఆటలు, సాధన కొనసాగాయి. 15 ఎర్రబంతులలో ప్రతి ఒక్కదాని వెంట 7 పాయింట్ల నల్లబంతిని పంపి, పిమ్మట మిగిలిన రంగుబంతులన్నీ వరుసగా పంపితే 147 పాయింట్లు వస్తాయి. ఒకే విడతలో సాధారణంగా సాధ్యమయ్యే గరిష్ఠం ఇదే. 1955 జనవరి 22న లండనులో విల్లీ స్మిత్‌తో ఆడుతూ డేవిస్ దీనిని సాధించారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్ళు. అధికారికంగా నమోదైన తొలి 147 అదే. ఆ గుర్తింపు 1957లో లభించింది. 1963లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను సత్కరించింది. 1978లో తమ్ముడు ఫ్రెడ్ ప్రపంచ పోటీలో ఆడుతుండగా చూస్తూ అస్వస్థులై, అదే ఏడాది జూలై 10న కన్నుమూశారు.

డేవిస్ పేరుగల లోహపు బిళ్ళలు బిగించిన క్యూలు దుకాణాలలో అమ్ముడయ్యేవి. విజేత పేరున్న కర్రను ఎవరైనా కొనుక్కోగలిగారు గాని, పానశాల బల్ల వద్ద మొదలైన ఆ సాధన కొనుగోలుకు దొరికేది కాదు. పరికరం ఎంపిక అనవసరమని దీని అర్థం కాదు. వంకర కర్రతో ఎంత శ్రమించినా ఫలితం ఉండదు. చేతికి ఒదిగేదానిని ఒకసారి ఎంచుకున్న పిమ్మట దానిని విడవకుండా పట్టుకోవడమే డేవిస్ చేసిన పని. కొత్త బ్యాటు కోసం, ఖరీదైన వాయిద్యం కోసం పిల్లలు పట్టుబట్టే ఇళ్ళలో ఈ గని కార్మికుని కుమారుని కథ చెప్పుకోదగినది.