కాటన్ దొర నేర్చిన పాఠము

నేడు మన హైస్కూళ్లలో పదునైదేండ్ల బాలబాలికలు చదువుచున్నారు. ఆ యీడుననే, 1818లో, ఆర్థర్ కాటన్ ఇంగ్లండులోని అడిస్కోంబు సైనిక విద్యాలయమున ప్రవేశించెను. 1803 మే 15న జన్మించిన ఈతడు మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో మన దేశమునకు వచ్చెను.

విద్యాలయమున నేర్చినది కొంత. కావేరీతీరమున నేర్చినది కొండంత. అచ్చట చోళుల నాటి కల్లణై ఆనకట్ట ఇసుకనేలపైననే శతాబ్దములుగా నిలిచియుండెను. గట్టి రాతినేల దొరకనిచోట కట్టడమెట్లు నిలుచును? నదిలో వేసిన బండలు ఇసుకలో క్రుంగి క్రుంగి, ఇక క్రుంగజాలని లోతున స్థిరపడునని కాటన్ గ్రహించెను. పేరెరుగని పూర్వశిల్పులను గురువులుగా నెంచుటకు ఆయన సంకోచింపలేదు. ఆ విద్యతోనే 1836 నాటికి కొల్లిడమునకు ఆనకట్టలు కట్టించెను.

గోదావరి మండలము ఆనాడు దురవస్థలో నుండెను. 1833లో సర్కారు జిల్లాలను కరవు కబళించెను. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెను. నది నిండుగా పారి సముద్రము పాలగుచుండగా, ఒడ్డుననున్న రైతు ఆకలితో అలమటించుచుండెను.

కాటన్ దొర నదీతీరమును పరిశీలించి, నేల మట్టములు కొలిపించి, ధవళేశ్వరమును ఎన్నుకొనెను. డెల్టాభూమి అచ్చటినుండి సముద్రమువైపు వాలియుండును. నీటిమట్టమును కొంత పైకెత్తి కాలువలకు మరల్చినచో, ఆపై పల్లమే నీటిని పొలములకు కొనిపోవును. లంకలను కలుపుకొనుచు, నాలుగు ఖండములుగా సాగిన ఆ పని 1847లో మొదలై 1852లో ముగిసెను. వీణెం వీరన్న వంటి తెలుగువారి దక్షతయు, వేలకొలది కూలీల చెమటయు అందు కలిసినవి. నాటి కరవుసీమ అన్నపూర్ణ యయ్యెను.

1899లో కాటన్ మరణించెను. పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి పూర్తియైన బారేజి ఆయన పేరనే యున్నది.

సివిల్ ఇంజనీరింగనగా సిమెంటు, ఇనుము మాత్రమే యని తలచు విద్యార్థులను ఉపాధ్యాయులు ఒకదినము ధవళేశ్వరమునకు తోడ్కొని పోవలెను. దూరమైనచో ఊరిచెరువు గట్టైనను చాలును. నీరెటు పారుచున్నది? తూమును అచ్చటనే యేల పెట్టిరి? ఇన్ని వానలకు గట్టు ఏల తెగలేదు? ఈ ప్రశ్నలు మనసున పుట్టిననాడు లెక్కల పుస్తకమునకు ప్రాణము వచ్చును. ఇట్టి ప్రశ్నయే కల్లణై యొద్ద ఒక యువకుని ఇంజనీరును చేసినది; లక్షలమందికి అన్నము పెట్టినది.