రుస్తుం గామా పహిల్వాన్

మన ఆమదాలవలస ప్రాంతానికి బలసాధన కొత్త కాదు. ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలుచుకొచ్చింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు నేటికీ శ్రీకాకుళం స్టేడియానికి ఉన్నది. తాలింఖానా, వస్తాదు, గోదా, కుస్తీపట్టు అనే మాటలు మన పెద్దల నోట విన్నవే. ఆ రామమూర్తిగారి కాలంలోనే ఉత్తరాదిన వెలిగిన గామా పహిల్వాన్ కథను మన పిల్లల కోసం నాలుగు మాటల్లో చెప్పుకుందామని మా ఈ ప్రయత్నం.

గామా అసలు పేరు గులాం మహమ్మద్. 1878 ప్రాంతంలో, అమృతసర్ వైపు స్థిరపడ్డ కాశ్మీరీ మల్లుల ఇంట పుట్టాడు. ఆరేళ్లు నిండేసరికి తండ్రి పోయాడు. తాతగారూ, మేనమామా చేరదీసి గోదాలో దింపారు. 1888లో జోధ్‌పూరులో బస్కీల పోటీ జరిగింది. నాలుగు వందల మందికి పైగా వచ్చిన ఆ పోటీలో పదేళ్ల గామా చివరి పదిహేనుగురిలో నిలిచాడు. మహారాజు ముచ్చటపడి ఆ పసివాడినే విజేతగా ప్రకటించాడట. ఆ తర్వాత దతియా సంస్థానం ఆదరణ దొరికింది. తండ్రి లేని పిల్లవాడికి చేయూతనిచ్చేవారుంటే ఎంత ఎత్తుకు ఎదగగలడో దీన్నిబట్టే తెలుస్తుంది.

పదిహేడేళ్ల ప్రాయంలో రహీంబక్ష్ సుల్తానీవాలాతో తలపడ్డాడు. రహీంబక్ష్ దాదాపు ఏడడుగుల మనిషి, పేరుమోసిన వస్తాదు. గామా అయిదున్నర అడుగుల పైచిలుకే. నిమిషాల్లో తేలిపోతుందనుకున్న కుస్తీ ఎంతకూ తేలక, సమంగా ముగిసింది.

1910లో గామా తమ్ముడు ఇమాంబక్ష్‌తో కలిసి లండన్ వెళ్లాడు. పొట్టివాడివి, పోటీకి పనికిరావు పొమ్మన్నారు అక్కడివాళ్లు. అప్పుడాయన ఎవరినైనా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని సవాలు విసిరాడు. ముందుకొచ్చిన అమెరికా మల్లుడు డాక్టర్ రోలర్ రెండుసార్లు చిత్తయ్యాడు. దాంతో తలుపులు తెరుచుకున్నాయి.

సెప్టెంబరు 10న జాన్ బుల్ బెల్టు కోసం పోలండ్ వస్తాదు జ్బిస్కోతో కుస్తీ. జ్బిస్కో బరువులో చాలా ఎక్కువ. అయినా మొదటి నిమిషంలోనే గామా అతన్ని కిందకు దించాడు. అతను ఇక లేవకుండా చాపకు కరుచుకుని బోర్లా పడుకున్నాడు. రెండున్నర గంటలు దాటినా గామా అతన్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు. ఆట సమంగా ముగిసింది. వారం తర్వాత మళ్లీ పెట్టిన ఆటకు జ్బిస్కో రానేలేదు. బెల్టు గామాకు దక్కింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, బెల్టు చేతికొచ్చినా వెన్ను నేలకు తగిలించిన గెలుపు కాదది. చాప మీద కరుచుకుని ఉండేవాడిని తిప్పడం గోదా మట్టిలో నేర్చిన విద్యకు కష్టమైంది. లండన్ నుంచి తిరిగొచ్చాక అలహాబాదులో రహీంబక్ష్‌ను ఓడించి గామా రుస్తుం-ఎ-హింద్ అనిపించుకున్నాడు. జ్బిస్కో మీద లెక్క మాత్రం పద్దెనిమిదేళ్లు తేలలేదు.

జ్బిస్కో కూడా తక్కువవాడు కాడు. 1925లో, నలభై అయిదు దాటిన వయసులో, అమెరికాలో వేన్ మన్‌ను పడగొట్టి ప్రపంచ బిరుదు లాక్కుని అందరినీ నివ్వెరపరిచాడు. ఆ ఛాంపియనే 1928 జనవరిలో పటియాలాకు వచ్చాడు. ఈసారి చాప లేదు, మన మట్టి గోదా. ఇద్దరికీ యాభై దగ్గర పడుతున్నాయి. వేలాది జనం చూస్తుండగా నిమిషం తిరగకుండానే గామా అతన్ని చిత్తు చేశాడు.

అయితే గెలుపుకూ ఒక శిక్ష ఉంది. హాకెన్‌స్మిత్, గాచ్ వంటి పెద్ద వస్తాదులు ఆయనతో తలపడనేలేదు. జత దొరక్క, వయసులో ఉన్న బలమంతా సాధనలోనే గడిచిపోయింది.

1947లో లాహోరులో అల్లర్లు చెలరేగినప్పుడు, తన వీధిలోని హిందూ కుటుంబాలకు ఆయన అడ్డుగా నిలబడి, సరిహద్దు వరకు క్షేమంగా పంపించాడని చెబుతారు. గోదాలో గెలిచిన కుస్తీలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు అని మేమనుకుంటాం.

చివరి రోజుల్లో జబ్బు పట్టుకుంది, డబ్బుకు కటకటలాడాడు. 1960 మే 23న లాహోరులో కన్నుమూశాడు. మన రామమూర్తిగారూ చివరకు కాలు పోగొట్టుకుని, 1942లో పరాయిచోట బలంగీరులో పోయారు. కండబలం ఎవరికీ శాశ్వతం కాదు. బలముండగా చప్పట్లు కొట్టిన మనం, బలం తగ్గాక వెళ్లి పలకరిస్తున్నామా? మన సంఘం ఉన్నది అందుకే గదా! ఈ ఏడాది ప్రతి కుటుంబమూ ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే గామా కథ చెప్పినందుకు ఫలితం దక్కినట్టే.