పట్టా లేని బిషప్పు

పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో పాస్టరు ఇంటి తలుపు తరచుగా తడతారు. మార్కులు తగ్గిన బిడ్డ అన్నం ముట్టడం లేదని, ఎవరితోనూ మాట్లాడడం లేదని తల్లిదండ్రులు కన్నీళ్లతో చెబుతారు. అలాంటి ఇంట్లో కూర్చున్నప్పుడల్లా నాకు దోర్నకల్ బిషప్ అజరయ్య గారు గుర్తుకు వస్తారు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెలో, గురువుగారి కుటుంబంలో పుట్టారు. బడిలో ఉండగానే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి పెంపకంలో ఎదిగి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. తీరా చివరి పరీక్షల సమయానికి జబ్బు పడ్డారు. పరీక్ష రాయలేకపోయారు. బి.ఏ. పట్టా ఉంటే ఊరంతా గౌరవించే కాలమది. ఆయన పట్టా లేకుండానే కాలేజీ విడిచిపెట్టారు.

కథ అక్కడితో ఆగిపోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, ఊరూరా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. చేతికి వచ్చిన పనిని చిన్నదని తోసిపుచ్చలేదు. 1903లో తిరునల్వేలిలోనూ, 1905లో శ్రీరాంపూరులోనూ భారతీయుల చేతనే నడిచే మిషనరీ సంఘాలు పుట్టడానికి తోడ్పడ్డారు. ఇతరులను పంపడంతో సరిపెట్టుకోక, 1909లో తానే నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. మాతృభాష తమిళం. మన తెలుగును మళ్లీ విద్యార్థియై నేర్చుకున్నారు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీలు భారతీయులను స్నేహితులుగా చూడడం లేదన్న బాధను సూటిగా చెప్పారు. కొందరికి అది రుచించలేదు. భారతీయుడిని బిషప్పుగా చేయడమేమిటని అభ్యంతరాలు కూడా లేచాయి. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆ పట్టా లేని విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. దోర్నకల్ కతీడ్రల్ కట్టడానికి ఏళ్లు గడిచాయి. 1939లో దాన్ని ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

ప్రియ విద్యార్థులారా, చదువు అక్కరలేదని చెప్పడానికి ఈ జీవితాన్ని వాడుకోవద్దు. ఆయన చివరివరకు చదువుతూనే ఉన్నారు, పల్లెల్లో బడులు పెట్టించారు. తప్పిపోయిన పరీక్ష ఆయన జీవితంలో ఒక సంఘటన మాత్రమే. అదే ఆయన పేరుగా మారలేదు. పరీక్ష తప్పాను అనుకోవడం వేరు, నేను పనికిరానివాడిని అనుకోవడం వేరు. మొదటిది నిజం కావచ్చు. రెండోది అబద్ధం. ఆ అబద్ధం మనసులో తిరుగుతుంటే ఒంటరిగా మోయకండి. అమ్మానాన్నలతోనో, టీచరుతోనో, పాస్టరుతోనో చెప్పండి. నిద్ర, ఆకలి పోయేంత బాధైతే డాక్టరు దగ్గరకు వెళ్లడం విశ్వాసలోపం కాదు.

తల్లిదండ్రులారా, ఫలితాల రోజున పక్కింటి బిడ్డ మార్కులు అడగకండి. ముందు మీ బిడ్డకు అన్నం పెట్టండి, పక్కన కూర్చోండి. దేవుడు ఆ బిడ్డకు నియమించిన పని మార్కుల జాబితాలో కనబడదు.